తవుడు

స్టీవెనేజ్‌లో మోటార్‌వే పక్కన ఓ పెద్ద షెడ్డు.
లోపల టెన్నిస్ కోర్టంత ఇసుక,
చుట్టూ గోడలకి ఇటికరాయి రంగు.
కిటికీల్లేని మా అంగారకుడు.

పైకి వెళ్ళినదానికి పేరుంది,
బడిపిల్లలకి పోటీ పెట్టి మరీ ఎంచారు.
ఇక్కడ మిగిలినదాన్ని రెండో నంబరంటాం.
అక్కడ అది చెయ్యబోయే ప్రతి తప్పూ
ఇది ముందుగా చేసి చూపించాలి.

ఫిబ్రవరిలో పైది దిగబడింది.
ఎడమవైపు వెనక చక్రం, ఇరుసు దాకా.
ఫొటో భూమికి చేరడానికి పన్నెండు నిమిషాలు,
మేం నమ్మడానికి ఇంకో గంట.

ఇక్కడా దిగబడేట్టు చెయ్యమన్నారు.
ఆ పని డెనిస్ పెట్టిఫర్‌ది.
ముప్పై ఏళ్ళు హిచిన్ క్రికెట్ గ్రౌండులో
పిచ్ మీద రోలరు లాగిన మనిషి.
నేలని గట్టిపరచడమే తెలుసు ఆ చేతులకి.
జల్లించాడు, ఆరబెట్టాడు, పారతో తిరగేశాడు.
రెండో నంబరు దాని మీంచి దర్జాగా నడిచిపోయింది,
మూడుసార్లు.

ఎంత మెత్తగా కావాలి? అడిగాడు నన్ను.
అంకెలు చెప్పాను. తల గోక్కున్నాడు.
అప్పుడు నోరు జారింది:
తవుడు.

మండపేటలో మిల్లు వెనక, ఎనిమిదేళ్ళప్పుడు,
కుప్ప మీదకి దూకితే మోకాలి దాకా పోయాను.
చెప్పు ఒకటి లోపలే ఉండిపోయింది.
పైకి నేలలాగే కనిపిస్తుంది డెనిస్,
కాలు పెట్టాకే అబద్ధమని తెలుస్తుంది.

"టవుడూ" అన్నాడు. మళ్ళీ అన్నాడు.
మర్నాటి రాత్రికి తయారు చేశాడు,
ఏం కలిపాడో ఇప్పటికీ చెప్పడు.
రెండో నంబరు పొట్ట ఆనేదాకా కూరుకుపోయింది.
షెడ్డంతా చప్పట్లు.
బండి ఇరుక్కుంటే పండగ చేసుకున్న జనం
మేమే అయ్యుంటాం.

పదిహేడు రోజులు.
ముందుకి జానెడు, వెనక్కి బెత్తెడు,
ఒక్కోసారి పీతలా అడ్డంగా.
ఇది బయటపడ్డాక ఆ కదలికలే పైకి పంపాం.
పైది కదిలింది.
వార్తల్లో దాని పేరు చదివారు.

వానకి పిచ్ మీద కప్పే పాత పట్టా తెచ్చి
రెండో నంబరు మీద కప్పాడు డెనిస్.
రేకుతో జాడలన్నీ చెరిపేశాడు,
రేపటి తప్పుకి చోటుండాలి కదా.

రిపోర్టులో "నేల రకం" అన్న గడిలో
ఎవరో టైపు చేసి ఉంచారు,
వరిగింజ ఎరగని ఆ గ్రహం మీద
తవుడు అని.
స్పెల్లింగు తప్పు.
అలాగే సంతకం పెట్టాను.