దొర వేషం నాడు

మందు మొదలుపెట్టిన తేదీ, అని ఉంది గడి.
కుప్పమ్మకి తేదీలు తెలీవు.
"చాటింపుకి ముందు మంగళారం" అనింది.
నోట్లో పుండ్లు లేచిందెప్పుడు?
"దొర వేషం నాడు. తిరపతిలో చెల్లెలింటికొచ్చి
జాతర చూసేదానికి పొయ్యి
టెంకాయ నీళ్లు కూడా మింగలేక తిరిగొచ్చినాడు."
క్యాలెండరు మీద వేలు పెట్టి లెక్కేశాను:
చాటింపు, బైరాగి, బండ, తోటి, దొర.
పదకొండు రోజులు.
గంగమ్మ జాతరని అంకెల్లోకి దించడం
నా చదువులో ఎవరూ నేర్పలేదు.

పెద్దాసుపత్రి రెండో అంతస్తు, మెట్ల పక్క గది నాది.
తలుపు మీద పొడుగాటి ఇంగ్లీషు పేరుంది.
ఆయాలు మాత్రం "మందు పడనోళ్ల రూము" అంటారు.
పడటం, పడకపోవడం.
అత్తాకోడళ్లకి వాడే మాట
మాత్రకీ మనిషికీ కూడా సరిపోయింది.

ఈ మాత్ర ఊరికే రాలేదు.
ఎలుకల్లో ఏళ్లు, కుక్కల్లో నెలలు.
ఆ తర్వాత ఏ జబ్బూ లేని కుర్రాళ్లు ఇరవైమంది
డబ్బులకి మింగి పడుకుంటే
గంటకోసారి తీసిన నెత్తురు.
ఆ తర్వాత మూర్ఛలున్నవాళ్లు, వందలు, వేలు,
ఎవరిది అసలు మందో ఎవరిది ఉత్త పిండిబిళ్లో
ఇచ్చే డాక్టరుకీ తెలీకుండా.
ఆ కాయితాల కట్టల్ని ఢిల్లీలో ఎవరో
కళ్లజోడు తుడుచుకుంటూ తిప్పి తిప్పి చూసి
సరే అన్నారు.
వాళ్లు అబద్ధమాడారని నేననను.
ముప్పైవేలలో ఒకడికి వచ్చేది
మూడువేలలో ఎక్కడ కనిపిస్తుంది?

ఆ ఒకడు ఐరాల పక్క బెల్లం గానుగ కాడ
పాకం కాచే చెంగల్రాయుడు.
ఇప్పుడు కింద వార్డులో
అరిటాకు మీద పడుకోబెట్టారు, దుప్పటికి తోలంటుకోకుండా.

ఏం చేస్తాడమ్మా ఆయన, అని అడిగాను.
ఆ గడి ఫారంలో లేదు.
"నీళ్లలో పాకం చుక్కేసి వేళ్లతో ఉండ చేసి చూస్తాడు.
లేతలో దించితే కారిపోతాది, ముదిరితే మాడిపోతాది.
పెనం పెనానికీ చూడాల అమ్మణ్ణీ!
నిన్న బాగొచ్చిందని ఈ పొద్దు చూడకుంటే ఎట్ల?"

ఇదే మాట చెప్పడానికి నేను
హౌస్ సర్జన్లకి గంటన్నర పాఠం చెబుతాను.
సగంమంది ఫోన్లు చూస్తుంటారు.

రోగి పేరు గడిలో పొడి అక్షరాలే రాయాలి.
చె. రా. అని రాశాను.
కుప్పమ్మ వంగి చూసింది, చదువు రాకపోయినా
పేరు పొట్టిదైన సంగతి తెలిసిపోయింది.
"సగం పేరు పెడితే సగమే ఇనపడతాది గదా?"
జవాబు చెప్పలేదు.
"ఈ కాయితం పంపితే ఆయప్పకి తోలొస్తాదా?"
రాదమ్మా.
"మరెవురికి?"
ఎవరికో. మనకి తెలీదు.
ఆమె కాసేపు కిటికీలోంచి కొండ వైపు చూసి
"సరే, రాసుకో" అనింది.

మందు వల్లే వచ్చిందా?
నిశ్చయం. అయ్యుండొచ్చు. కావచ్చు. కాకపోవచ్చు.
కమిటీలో నలుగురం కూర్చుని టీ చల్లారేదాకా వాదించాం.
జాతరలో తాగిన షర్బత్తు సంగతేమిటని ఒకరు,
అంతకుముందు జ్వరానికి మింగిన బిళ్లల మాటేమిటని ఇంకొకరు.
రెండూ న్యాయమైన ప్రశ్నలే.
"కావచ్చు" దగ్గర సంతకాలు పెట్టాం.

చెంగల్రాయుడు బతికాడు.
ఎడమ కన్ను మసక.
పాకం రంగు తేలడం లేదట, వేళ్లతోనే పట్టేస్తున్నాడట.
ఇది కూడా రాసి పంపాను, రెండో కాయితంగా.

రెండేళ్లయింది. మొన్న ఆ మందు పెట్టె విప్పితే
మడతల కాయితంలో చీమతలంత అక్షరాల్లో
కొత్తగా ఒక వాక్యం:
ఒంటి మీద దద్దు, నోట్లో పుండు కనిపిస్తే
వెంటనే ఆపి డాక్టరుని కలవండి.

ఏ దేశాల నుంచి ఎన్ని కాయితాలు కలిస్తే
ఆ ఒక్క వాక్యమైందో.
అందులో మా చె. రా. ఉన్నాడా?

కావచ్చు.