కొలువు

బడిలో ఆ రోజు "పెద్దయ్యాక ఏం చేస్తారు" పూట.
పశువుల డాక్టరు సూదులు తెచ్చాడు,
పాలకేంద్రం ఆవిడ వెన్న శాతం చూసే గాజు గొట్టాలు తెచ్చింది,
తలాస్ చిక్కుడు గింజల్ని తుర్కీకి పంపే కంపెనీ కుర్రాడు
కారు తాళంచెవి బల్లమీద పెట్టి కూచున్నాడు.
నా వంతు అందరికన్నా చివర.
నిలువెత్తు అల్యూమినియం గొట్టం ఒకటి,
కొక్కెం ఉన్న స్ప్రింగు కాటా ఒకటి, అంతే నా సరంజామా.

"నేను మంచును తూస్తాను" అన్నాను.
నవ్వు ముందు బెంచీలో పుట్టి
కిటికీ దాకా వెళ్ళి తిరిగొచ్చింది.
బెక్బోలోత్ లేచాడు:
"ఎవరు కొంటారు? కిలో ఎంత?"

కొనేది మీ నాన్నేరా.
జూలైలో, చిక్కుడు పూతమీద ఉన్నప్పుడు
రాత్రి రెండింటికి పార భుజాన వేసుకుని
నీటి వంతు కోసం కాలువగట్టున కూచుంటాడే,
ఆయన ఎదురుచూసేది
ఇవాళ ఆ కొండమీద పడుకున్నదాని కోసమే.
అది నిద్రపోతున్న కాలువ.
లేపకుండా బరువు చూసి రావాలి.
కొలువేమిటని అడిగారుగా,
కొలవడమే నా కొలువు.

జీతమెంతని అడిగారు. చెప్పాను.
కంపెనీ కుర్రాడు మర్యాదగా నేల చూశాడు.

కొన్ని చెప్పలేదు.
మార్చిలో మూడు రోజుల దారి,
గుర్రం మొరాయించిన చోటునుంచి స్కీలమీద.
పైన గుడిసెలో నిరుడు నేనే దాచుకున్న టీ పొట్లం,
అందులో ఎలుక కాపురం.
తొడుగు తీస్తే గొట్టం వేళ్ళని పట్టుకుని వదలదు,
తీయకపోతే పెన్సిలు నిలవదు.

తొలొముష్ ముసలాయన లెడ్జరు గురించి కూడా చెప్పలేదు.
ముప్పై రెండు చలికాలాలు అందులో,
సిరా గడ్డకడుతుందని అన్నీ పెన్సిలుతోనే.
ఒక్క ఏడు మాత్రం అంకె చెరిపి తిరగరాసి ఉంది,
అక్కడ కాగితం పలచబడి
దీపానికి పెడితే అవతలి పేజీ కనిపిస్తుంది.
"పైనుంచి ఫోను వచ్చింది,
ప్రణాళికకి చాలినన్ని నీళ్ళు రాయమన్నారు.
రాశాను.
కాగితంమీద పోసినవి ఆగస్టుకి ఏ పొలమూ చేరలేదు."
అప్పగింతల నాడు ఆ మాట
నాతో కాదు, పొయ్యితో అన్నాడు.

మొన్నటేడు నాకూ తక్కువే తూగింది.
ఊరి సమావేశంలో లేచి, సగమే విత్తండి అన్నాను.
మా మరిది షాయిర్
"నీ గొట్టానికి మా మీద కన్నుకుట్టింది" అని లేచిపోయాడు.
ఆ ఎండాకాలమంతా మాట్లాడలేదు.
ఇప్పటికీ అంతంతమాత్రమే.
సగం మాత్రం బీడు పెట్టాడు.

గంట కొట్టారు.
అందరూ తాళంచెవి చుట్టూ మూగారు.
కనిషాయ్ అనే పిల్ల ఒక్కతే
"అది ఒకసారి పట్టుకోవచ్చా?" అంది.

పెరట్లో గోడనీడన ఇంకా కరగని కుప్ప,
బొగ్గుమసి, చెప్పుల జాడలు.
గొట్టం నిలబెట్టి రెండు చేతులా తిప్పుతూ దించింది.
పటిక నలిగిన చప్పుడు.
పైకి లాగి, "ఎంతుంది?" అంది.
ముందు అంకె కాదమ్మా, ముందు అడుగు చూడు.
మట్టి అంటిందా?
గొట్టం తిప్పి, ఒక కన్ను మూసి చూసింది.
అంచున గోరంత నల్లమట్టి.
"ఇది లేకపోతే?"
కిందిదాకా పోలేదన్నమాట. మళ్ళీ దించాలి.

మట్టి గోటితో గీకేసింది.
కొక్కానికి వేలాడదీసింది.
ముల్లు ఊగి ఊగి ఆగేదాకా ఊపిరి బిగబట్టింది.
ఖాళీ గొట్టం బరువు తీసేసి
"తొమ్మిది" అంది.

నేను రాసుకోబోయాను.

"ఉండండి," అంది, ముక్కు కాటాకి ఆనించి,
"తొమ్మిది లేదు. ఎనిమిదిన్నరే."