గవాచి కింద రౌటర్

డబ్బాలన్నిటి మీదా అక్షరాలే.
బి, జి, ఎన్, ఏసీ, ఏఎక్స్:
వరస తప్పిన ఓనమాలు.
ప్రొద్దుటూరు అంగట్లో ఆ పిల్లోడు రంజాన్‌వలి
గాజుల మలారం విప్పినట్టు
బల్ల మీద పరిచినాడు.
"బి అయితే పదకొండక్కా, జి యాభై నాలుగు,
ఎన్ మూడు నూర్లు, ఏసీ పన్నెండు నూర్లు.
ఏఎక్స్ మాట ఈరోజు వద్దులే."
మా అత్త ఒక్క ముక్కే పట్టుకునింది:
"ఏసీనా? ఇల్లంతా చల్లగా ఉంటాది గదా నాయనా?"

ఆ అంకెల సంగతి నాకు తెలుసు.
ఎర్రగుంట్ల బస్సు అద్దం మీద
నాన్‌స్టాప్ అనే ఉంటాది.
ఎన్నిచోట్ల ఆగిందో
నిలబడి వచ్చిన కాళ్ళకు ఎరుక.

అయినా ఏసీనే కొన్నా.
పదిహేడు పాలిష్ ఫ్యాక్టరీల లెక్కలు నా మెడ మీద.
ఇరవయ్యో తారీకు రాత్రి
తెర నడుమ తిరిగే ఆ గుండ్రాన్ని చూస్తే
గానుగెద్దు కూడా అయ్యో అంటాది.

ఇంటికి తెచ్చి తగిలిస్తే
కొత్త డబ్బా పాత నడకే నడిచింది.
నా కంప్యూటర్ వెనక గుచ్చిన బుడిపెకు
జి దాటి చదువు రాదు.
ముసలెద్దు పక్కన కోడెను కట్టినాక
కాడి ఎవరి అడుగు వింటాది?
మళ్ళీ బస్సు, మళ్ళీ రంజాన్‌వలి,
ఏడు నూర్లు పెట్టి కొత్త బుడిపె.

అప్పుడు బయటపడింది గోడ.

మాది నాపరాతి మిద్దె.
మూడడుగుల మందం,
రాతికీ రాతికీ నడుమ మట్టి.
మే నెల ఎండ పొద్దున బయలుదేరితే
లోపలికి చేరేసరికి దీపాలు పెడతాం.
ఎండకే దారియ్యని గోడ
ఐదు గిగాహెర్ట్జ్‌కు ఇస్తాదా?
పడసాలలో నాలుగు గీతలు,
నడింట్లో ఒకటి,
నేను కూచునే కొట్టిడిలో
ఆ ఒక్కటీ కొట్టేసి ఉంటాది.

రంజాన్‌వలి ఫోన్లో ఓపిగ్గా చెప్పినాడు:
"దాంట్లో రెండు దారులుంటాయక్కా.
ఐదుది ఉరుకుతాది గానీ దూరం పోదు.
రెండున్నరకు కాస్త తక్కువది, పాత ఎన్,
నిదానం. ఏ మూలకైనా పోతాది."

మా ఆయన ఓబులేసుకు ఈ అక్షరాలేవీ తెలీవు.
ఇరవై ఏండ్లు గనిలో
రాయి తట్టి చెవొగ్గి
నరం యాడ తిరిగిందో చెప్పిన మనిషి.
చిన్న సుత్తె తీసుకుని నడింటి గోడ పొడుగునా
టక్, టక్.
"పీర్ల పండగ తప్పెట యాడిదాకా ఇనపడతాది మే?"
"పక్కూరి దాకా."
"ఈల ఏస్తే?"
"వీధి మలుపు దాకా."
"అంతే. లావు గొంతు రాయి దాటుతాది,
సన్న గొంతును రాయి తాగేస్తాది."
డబ్బాలో వచ్చిన పుస్తకం
నాలుగు పేజీలు చెప్పింది ఈ రెండు ముక్కలే.

సుత్తె పక్కన పెట్టి మిద్దెక్కినాడు.
పడసాల గవాచి నుంచి తాడు వేలాడదీసి
రౌటర్ను దాని కింద కట్టినాడు,
వెలుతురు స్తంభం నడుమ, పిట్టగూడు మాదిరి.
కొట్టిడికీ ఒక గవాచి ఉంది.
పడసాలలో ఎక్కి, మిద్దె మీద నాలుగడుగులు వేసి,
నా నెత్తిన దిగింది ఏసీ.
రెండు గీతలే. చాలు.
ఆ నెల లెక్కలు పద్దెనిమిదో తారీకుకే పొయ్యినాయి.
అత్త మాత్రం దాని కింద నిలబడి
చెయ్యెత్తి చూసింది: "ఏం, వేడిగానే ఉందే."

నిన్న మాపటేళ
ముద్దనూరు వైపు మబ్బు కమ్మింది.
మూడు నెలల తర్వాత మొదటి చినుకు.
ఓబులేసు ఉరికి పోయి
రౌటర్ను పడసాల గూట్లో పెట్టి
రెండు గవాచుల మీదా బండలు మూసినాడు.
ఇల్లు చీకటైంది. ఐదు పొయ్యింది.
ఎక్కడో గోడలోంచి తోసుకుంటా
పాత ఎన్ వచ్చి తెర మీద ఒక గీత గీసింది.
గుండ్రం తిరగబట్టింది.

తిరగనీ.
పైన బండ మీద వాన పడతా ఉంటే
నిదానాన్ని ఎవురు తిడతారు?