నమూనా పదకొండు

మధ్యాహ్నం రెండింటికి
మలికిపురం సెంటర్లో ల్యాబు షట్టరు సగం దించి
డాబా ఎక్కుతాను.
రొయ్యల చెరువుల్లో ముంచే థర్మామీటరుకి దారం కట్టి
ఇంకా ఎవరూ దిగని ఇళ్ళలోకి
ఒక్కోదాంట్లోకి దింపుతాను.

మేత డబ్బా నలభై ఆరు.
చెయ్యి పెట్టి కాసేపు ఉంచలేకపోయాను,
గుడ్డయితే ఉడికేది.
పైపు ముక్క కాస్త నయమే గానీ
లోపలంతా అద్దం నునుపు.
రెక్క రాని పిల్ల గోళ్ళకి పట్టేది?
ఆకురాయితో గీతలు పెడితే తెల్లటి పొడి రాలింది.
ఆ పొడి ముక్కున కరుచుకుంటేనో అని
పైపుని పిట్టగోడ కింద పడేశాను.
మట్టి ముంత చల్లగానే ఉంది,
మొన్నటి ఈదురుగాలికి గోడకి కొట్టుకుని మూడు ముక్కలయ్యేదాకా.
అప్పటికి దాంట్లో ఎవరూ లేరు,
అంతవరకు నా అదృష్టం.

గుత్తుల పల్లయ్య తాడిచెట్టు దిగి
మోకు భుజాన వేసుకుని
నా లెక్కలన్నీ విన్నాడు.
"డబ్బాకి ఊపిరుండదమ్మా.
బుర్రకుంటుంది.
పాదు మీదే ఎండనియ్యాలి,
ఊపితే గింజలు గలగలమనాలి."
వాళ్ళ నాన్న కల్లు దించిన బుర్ర ఒకటి,
వాళ్ళక్క నడుముకి కట్టుకుని
పంట కాలవలో ఈత నేర్చిన బుర్ర ఒకటి
అటక మీంచి తీసిచ్చాడు.
దుమ్ము దులిపితే ఇంకా పులుపు వాసన.

కన్నం రెండు వేళ్ళంత.
మూడో వేలు పట్టిందంటే గోరింక దూరుతుంది.
అడుగున కాల్చిన చువ్వతో చిల్లులు, వాన దిగడానికి.
బూజు పట్టకుండా
ఒక రాత్రి మైలుతుత్తం నీళ్ళు,
తర్వాత నాలుగు ఎండలు.
అదే డాబా, అదే రెండు గంటల ఎండ:
ముప్పై ఏడు.

నీళ్ళ రిజిస్టర్లోనే రాసుకున్నాను.
నమూనా పదకొండు. ఆనప బుర్ర.
రైతు పేరు: పిచ్చుక.
ఉప్పు శాతం: వర్తించదు.

రాస్తుంటే వెనక్కి తిరిగాయి పేజీలు.
ఆరేళ్ళ కిందటిదీ ఈ చేతిరాతే.
"నీరు రొయ్యకి అనుకూలం."
కింద నా సంతకం.
సంతకం కింద ఒక చేను,
ఇంకో సంతకం కింద ఇంకో చేను.
వరి పోతే గడ్డి పోయింది.
గడ్డి పోతే కప్పు పోయింది, కప్పుతో చూరు.
చూరులో ఎంత వేడి ఉండాలో
ఇప్పుడు కొలుస్తున్నది నేను.

ఆరో రోజు జంట వచ్చింది.
మగది లోపలికెళ్ళి, బయటికొచ్చి, మళ్ళీ వెళ్ళింది.
ఆడది కరెంటు తీగ మీదే,
కల్లు బుర్ర చరిత్రంతా తెలిసినట్టు, అనుమానంగా.
ఒప్పుకున్నాక
అది తెచ్చిన మొదటి పోగు చూసి నిచ్చెన కోసం పరిగెత్తాను.
కొంగలు వాలకుండా చెరువు మీద అడ్డంగా కట్టే
నైలాను దారం.
పిల్ల కాలికి చుట్టుకుందంటే కాలు తెగాల్సిందే.
లాగేశాను.
మళ్ళీ తెచ్చింది. మళ్ళీ లాగేశాను.
దానికి కోపం.
ఇంకేం తెస్తుంది అది,
నాలుగు కిలోమీటర్ల మేర
నేను సంతకం పెట్టని నేలేది?

సాయంత్రం బజార్లో మామిడిపళ్ళ బండి.
"కాయలొద్దు అబ్బులూ,
గంపలో కింద పరిచిన గడ్డి కావాలి."
నా వంక చూశాడు, గంప వంక చూశాడు.
గడ్డికి ధర కట్టడం తెలియక
ఒక కొత్తపల్లి కొబ్బరి కాయ అమ్మి
గడ్డి
కొసరు వేశాడు.