నాలుగో కౌంటరు

ఆఫీసుకి దాహం తక్కువ.
ఏడంతస్తులు, మూడొందల కుర్చీలు,
అంతస్తుకి ఒక మూల రెండంటే రెండు కుళాయిలు.
ఆడవాళ్ళ మరుగుదొడ్డి మూడో అంతస్తులో ఒక్కటే,
దాని తాళం మేనేజరు సొరుగులో ఉండేదట.

ఇల్లు అలా కాదు.
తెల్లారకముందే దప్పికతో లేస్తుంది.
బియ్యం కడగాలి, బిడ్డ ముడ్డి కడగాలి,
రాత్రి డ్యూటీ దిగిన నర్సు తలంటుకోవాలి,
నిన్నటి చేపల గిన్నె ఎవరిదో తేలేదాకా
నానుతూనే ఉండాలి.

గవర్నరుపేటలో మూతబడ్డ ఈ చిట్టీల కంపెనీ మేడని
అరవై కుటుంబాలకి పంచుతామన్నప్పుడు
ఇంజనీరు కాగితం మీద గీతలు గీశాడు.
నేను గోడకి చెవి ఆనించాను.
పైపులు వేసేవాడికి కావలసినవి రెండే సంగతులు:
నీళ్ళు ఎక్కణ్ణించి వస్తాయి,
మురికి ఎటు పోతుంది.

కంపెనీ మునిగిననాడు మురికి ఎటు పోయిందో
బెజవాడలో ఎవరూ చెప్పలేరు.
నీళ్ళు ఎక్కణ్ణించి వచ్చాయో
ఏ గాజుల కొట్టునడిగినా చెబుతుంది.

సాలమన్ సుత్తికి ఫాల్స్ సీలింగు ఊడి
పావురాల ఈకలు, ఎలక పీచు,
ఒక రబ్బరు స్టాంపు రాలాయి.
‘ముట్టినది.’
వాడు నవ్వుతూ ముంజేతి మీద గుద్దుకున్నాడు.
సిరా ఎండిపోయింది, అక్షరాల నొక్కు మాత్రం పడింది,
టీ తాగేలోపు అదీ పోయింది.

ఏసీ కోసం బిగించిన అద్దాలు కోసింది రోహిణి కార్తెలో.
మొదట వడగాలే వచ్చింది, తిట్టుకున్నాం.
రాత్రి పదింటికి కాలవ మీద నుంచి ఇంకో గాలి వచ్చింది.
సిమెంటు బస్తాల మీదే నిద్రపోయాం.

స్ట్రాంగ్ రూము గోడ రెండు డ్రిల్లు బిట్లు మింగింది.
వదిలేయమన్నారు.
ఇప్పుడందులో అందరి ఉల్లిపాయలు, ఎండుమిరప, గ్యాసు బండలు.
ఇనుప తలుపు ఎవరూ మూయరు.
మూస్తే తెరవడం ఎవరికీ రాదు.

కింద, నాలుగో కౌంటరున్న గది సామ్రాజ్యమ్మకి వచ్చింది.
గడపలో నిలబడి చాలాసేపు లోపలికి రాలేదు.
తర్వాత గాజు దగ్గరికెళ్ళి
అడుగున ఉన్న సగంచందమామ కంతలోకి
చూడకుండానే చెయ్యి దూర్చింది.
చేతికి దారి తెలుసు.

‘ముప్పై ఎనిమిది నెలలు బాబూ, ఇడ్లీ బండి డబ్బులు.
నలభయ్యో నెల పాట నాదన్నారు.’

గాజు పీకేయమంటారా అన్నాను.
ఉంచమంది.
‘అవతల వాళ్ళు నుంచునేవాళ్ళు, ఇవతల మేం.
ఇప్పుడు అవతలే నా పొయ్యి.
సింకు అక్కడే పెట్టు, వచ్చేపోయేవాళ్ళు కనబడాలి.’

పెట్టాను.
కుళాయి తిప్పితే ముందు గాలి దగ్గింది,
తర్వాత తుప్పు, కుంకుడు రసం రంగులో.
పాత లైనమ్మా, కొంత పోనివ్వాలి, అన్నాను.
పోనివ్వడం నాకు అలవాటేలే అని
బకెట్టు పట్టి పారబోస్తూ
పైకే లెక్కపెట్టసాగింది.
నేను పానాలు సర్దుకుంటూ
ముప్పై ఎనిమిదిదాకా వెళ్తుందేమోనని భయపడ్డాను.

ఏడో బకెట్టుకి తేటపడింది.

‘ఏడేనా?’ అంది.
వంగి మళ్ళీ చూసింది.

పైన ఎవరో
ట్యాంకు పొర్లుతోంది, మోటారు ఆపండ్రోయ్
అని అరుస్తున్నారు.