మూడు నెలలకో కార్డు

క్లీవ్‌లాండ్. లైబ్రరీ మేడ మీద గది.
రేడియేటర్ దగ్గుతోంది. తొమ్మిదిమందిమి,
ఒకే వైరస్, ఒకే ఖాళీ ఫారం.
ఏ ఏడు ఏ పని చేశారో రాయండి, అంది వెర్నెల్.

తొంభై రెండు దాకా బానే నడిచింది పెన్ను:
సిటీ బస్సుల డిపో, బ్రేకుల మెకానిక్.
ఆ తర్వాత పదమూడేళ్ళ తెల్ల కాగితం.
ఏం రాయను?
చచ్చిపోయే ఉద్యోగం చేశాను వెర్నెల్,
ఆదివారాలు కూడా సెలవు లేదు.

తొంభై అయిదులో జీవిత బీమా అమ్మేశాను.
రెండేళ్ళు, అన్నాడు డాక్టరు.
కొన్న కంపెనీ నమ్మింది, నేనూ నమ్మాను.
వచ్చిన డబ్బుతో ఎర్ర సోఫా కొన్నాను,
ఎల్రాయ్‌కి నీలం సూటు కొన్నాను.
సోఫా ఇంకా ఉంది.
సూటు వాడితోపాటే మట్టిలోకి వెళ్ళింది.

మరుసటేడు మందులొచ్చాయి.
నేను పోలేదు.
కంపెనీ నుంచి మూడు నెలలకో కార్డు రావడం మొదలైంది:
కింద సంతకం చేసి పంపగలరు.
అంతే. మర్యాదస్తులు, ఇంకా పోలేదా అని అడగరు.
స్టాంపు కూడా వాళ్ళే అంటిస్తారు.

పక్క కుర్చీలోంచి యాదిరా నా ఫారంలోకి తొంగిచూసి
"సోఫా రంగు రాయి, దానికైనా మార్కులేస్తారు" అంది.
నాకు నవ్వాగలేదు. వెర్నెల్ నవ్వలేదు.
ఎల్రాయ్ మాత్రలు ఎవరు లెక్కపెట్టారు, అంది.
దుప్పట్లు ఎవరు ఉతికారు?
ఆసుపత్రి బిల్లు పట్టుకుని కిటికీ దగ్గర ఎవరు పోట్లాడారు?
రాయి.
రాశాను. అక్షరాలు వంకర పోయాయి.

ఇప్పుడు మంగళ, గురువారాలు నాకో బల్ల ఉంది, మెట్ల కింద.
మెడలో బ్యాడ్జి. ఫోటోలో కళ్ళు మూసుకున్నాను.
మొదటి జీతంలో టాక్స్ కోశారు,
ఆ చీటీ దాచుకున్నాను.

జాబితాలో పై పేరు టెవిన్. ఇరవై మూడేళ్ళు.
రెండుసార్లు రమ్మంటే రాలేదు.
ఏమనాలో కాగితం మీద రాసిచ్చారు.
అదీ ఆ కార్డులాగే ఉంది. బోర్లా పెట్టాను.

"ఎవరు?"
"రాస్కో. నీలాంటివాణ్ణే, పదమూడేళ్ళు సీనియర్‌ని."
ఊపిరి వినబడింది. వెనకాల టీవీ.
"నేనుంటే ఎంత, పోతే ఎంత? నీకేంటి లాభం?"
"నువ్వుంటే నాకు జీతం."
చాలాసేపు ఏమీ లేదు.
తర్వాత ముక్కుతో ఒక చిన్న నవ్వు.

ఈసారి కార్డు కోటు జేబులోనే ఉంది, సంతకం లేకుండా.
కాస్త ఆశపడనీ వాళ్ళని.

"గురువారం పదింటికి రా. ఇరవై రెండో నంబరు ఎక్కు.
మన స్టాపు దగ్గర బ్రేకులు కీచుమంటాయి.
ఏం కాదు,
ఆగుతుంది."