నిండుసున్న

పున్నమి ఘాట్‌లో పడవెక్కేటప్పుడు
యోబు నా చెయ్యి పట్టుకుని ఆగాడు.
"ఈ గరుకేంటి సార్, మీదీ తెడ్డు పనేనా?"
కాదు, సున్నం.
మా నాన్నకి తాడేపల్లి అవతల బట్టీ ఉండేది,
పదేళ్లకే నా వేళ్ల గీతలు తినేసింది.
ఆధార్ మిషను నన్ను మూడుసార్లు
మనిషి కాదంది.

"ఆ చివరి బల్ల మీద వద్దు, ఇటు కూర్చోండి."
కూర్చున్నాను.
ఇంజను దగ్గి దగ్గి అందుకుంది.
వెనక బ్యారేజీ,
బుగ్గన నీళ్లు పట్టి ఉమ్మడం మరిచిన
ముసలామెలా.

ఎడమపక్క ఉండవల్లి, అంతస్తులు తొలిచిన కొండ.
మొదట భిక్షువులుండేవాళ్లంటారు,
ఆ తర్వాత విష్ణుమూర్తి వచ్చి పడుకున్నాడు.
"ఖాళీ చేసి పోయినోళ్ల మేకులు గోడకే ఉంటాయి సార్,
మా అద్దింట్లో మాదిరే" అన్నాడు యోబు,
అని ఒక చెయ్యెత్తి దండం పెట్టాడు.
ఎవరికో నేనడగలేదు.

గుర్రపుడెక్క పంకాకి చుట్టుకుని
నడి ఏట్లో ఇంజను ఆగింది.
ఆగాకే తెలిసింది కృష్ణ ఎంత వెడల్పో.
యోబు కత్తి పళ్ల మధ్య పెట్టుకుని నీళ్లలోకి దిగాడు.
థర్మల్ గొట్టాల పొగ తలకిందులుగా
అతని చుట్టూ వణికింది.
కాసేపటికి తల తేలి అడిగింది:
"అమరావతిలో ఏముంది సార్? మన్నుగుట్ట.
టిక్కెట్టు తీసుకుని గడ్డి చూపిస్తారంట."

రాళ్లు కొన్ని మద్రాసు వెళ్లాయి యోబూ,
కొన్ని ఓడెక్కి లండనుకి.
కొన్నిటిని కాల్చారు.
(ఈ చివరిది పైకి అనలేదు,
నోట్లోనే తిరిగింది.)
తెల్లరాయి, మంచి సున్నం దిగుతుంది.
బట్టీకి తామరపువ్వని తెలీదు.
బొగ్గొక వరస, రాయొక వరస,
మూడోనాటికి అన్నీ తెల్లన, అన్నీ తేలిక.
నీళ్లు చల్లితే బుసకొట్టి విచ్చుకుంటుంది.
ఆ బుసలో ఒక గుర్రం, ఒక గొడుగు,
చంకన పిల్లాడితో జాతర చూస్తున్న ఒక ఊరిమనిషి
ఎవరి గోడల మీదికో పోయుంటారు,
ఎవరి తమలపాకులోకో.
మావాళ్ల పని కాదది, రెండువందల ఏళ్లనాటి మాట.
అయినా
గోళ్లు చూసుకుంటూ కూర్చున్నాను.

మిట్టమధ్యాహ్నం దిగాం.
యోబు చెప్పినట్టే గుట్ట, గడ్డి.
మ్యూజియంలో ఒక పలక దగ్గర మాత్రం
ఇద్దరం ఆగిపోయాం.
పీట. పీట మీద దిండు. కింద రెండు పాదాలు.
చుట్టూ జనం వంగి మొక్కుతున్నారు.
పీట మీద ఎవ్వరూ లేరు.
"చెక్కడం మర్చిపోయారా?"
లేదు, తొలిరోజుల్లో ఆయన్ని అట్లాగే చెక్కేవాళ్లట,
లేకుండా.
యోబు చాలాసేపు మాట్లాడలేదు.
"మా తమ్ముడి బల్ల కూడా అంతే సార్" అన్నాడు,
"ఏరు వాణ్ణి ఇచ్చింది గానీ
మళ్లీ కూర్చోబెట్టలేదు."

ఎండలో గుట్ట చుట్టూ ఒక్కణ్ణే నడిచాను.
రెండో తరగతిలో దీనమ్మ టీచరు
మీ నాన్న పనేంటో పలక మీద రాయమంది.
సున్న, అని రాశాను.
పక్కన ఇంకో సున్న పెట్టు, అప్పుడు సున్నమవుతుంది అంది.
దాని పేరు నిండుసున్న.
ఏమీ లేనిదాన్ని నిండు అంటారేంటని
అప్పుడు అడగలేదు.
దారి గుండ్రంగా తిరిగి
మొదలెట్టిన చోటికే తెచ్చి వదిలింది.

తిరుగుప్రయాణంలో
యోబు చివరి బల్లని లుంగీ కొసతో తుడిచాడు.
కూర్చోమంటాడనుకున్నా.
అనలేదు.
నీళ్ల తుంపర పడుతూ, ఆరుతూ
అది మాతోపాటు
బెజవాడ దాకా వచ్చింది.